స్కాట్లాండ్ ప్రభువుల వంశవృక్షాలు చదవడం – 4వ భాగం: పెళ్లి తేదీ ఒక్కటే చాలదు

పోయిన భాగంలో ఇంటిపేర్లు చూశాం. పాత స్కాట్లాండ్ రికార్డుల్లో ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే కనిపిస్తారని తెలిసింది కదా, ఇవాళ అది పనికొస్తుంది.

వంశవృక్షంలో భార్యాభర్తల పేర్ల మధ్య గీత కనబడగానే పిల్లల పేర్లలోకి వెళ్లిపోకండి. ముందు మూడు సంవత్సరాలు వరసగా రాసుకోండి: పిల్లలు ఎప్పుడు పుట్టారు, చర్చి అనుమతి ఎప్పుడొచ్చింది, పెళ్లి ఎప్పుడైంది.

అనుమతి దేనికంటే, 1215 నుంచి చర్చి చట్టం ప్రకారం నాలుగు తరాల లోపు రక్తసంబంధం ఉంటే పెళ్లి చెల్లేది కాదు. ఇద్దరికీ ముత్తాత తండ్రి ఒక్కడే అయినా కుదిరేది కాదన్నమాట. మేనరికాలు చూస్తూ పెరిగిన మనకు ఇది వింతే. అక్కడేమో పెద్ద కుటుంబాలు కొన్నే, తరతరాలుగా వాళ్లలో వాళ్లే పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. ఏ సంబంధం కుదుర్చుకున్నా ఎక్కడో చుట్టరికం తగిలేది. అప్పుడు పోప్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు రాబర్ట్ స్టూవర్ట్‌ను తీసుకుందాం. 1316లో పుట్టాడు. తల్లి మార్జొరీ, రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు. ఈయన మొదటి భార్య ఎలిజబెత్ మ్యూర్. పెద్దకొడుకు జాన్ పుట్టింది సుమారు 1337లో. పోప్ ఆరవ క్లెమెంట్ అనుమతి 1347 నవంబరులో వచ్చింది. పెళ్లి 1349లో. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి: అనుమతి వచ్చేసరికే కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. ఆ అనుమతితో వాళ్లను సక్రమ సంతానంగా గుర్తించారు గానీ, అనుమానం మాత్రం చెరిగిపోలేదు.

1355లో ఆయన యూఫీమియా రాస్‌ను పెళ్లాడాడు. ఆమె అంతకుముందు మోరే (Moray) అనే ప్రాంతానికి ఎర్ల్ (పెద్ద ప్రభువు) అయిన జాన్ రాండాల్ఫ్ భార్య, ఆ భర్త 1346లో యుద్ధంలో పోయాడు. ఈమె కొడుకులు డేవిడ్, వాల్టర్. వీళ్ల పుట్టుక మీద ఎవరికీ సందేహం లేదు. 1371లో మేనమామ రెండవ డేవిడ్ పిల్లలు లేకుండా చనిపోవడంతో రాబర్ట్ రాజయ్యాడు. చిక్కు ఎంత పెద్దదో 1373 పార్లమెంటు చట్టమే చెబుతుంది: ముందు ఎలిజబెత్ కొడుకులు, వాళ్ల మగ సంతానం, ఆ తర్వాతే యూఫీమియా కొడుకులు. ఎవరికీ అనుమానం లేని విషయానికి ఎవరూ చట్టం చేయరు. వారసత్వ చట్టం కనబడితే వెనక్కి వెళ్లి పెళ్లి తేదీలు వెతకండి, ఈ అలవాటు ఎంతో మేలు చేస్తుంది.

1437లో పెర్త్‌లో రాజు మొదటి జేమ్స్‌ను చంపారు. ఈయన ఎలిజబెత్ పెద్దకొడుకు జాన్ కొడుకు. ఆ కుట్రలో ఉన్నాడని మరణశిక్ష పడినవాళ్లలో యూఫీమియా కొడుకు వాల్టర్ ఉన్నాడు, అంటే జేమ్స్ తండ్రికి సవతి తమ్ముడు. హత్యకు కారణం ఈ ఒక్క తేదీల తగాదాయే అనేయడం తొందరపాటు. వాల్టర్ అన్న డేవిడ్ మనవడి చేతిలోంచి 1427లో రాజు స్ట్రాథెర్న్ ఎర్ల్ పదవిని లాగేసుకున్నాడన్న కక్ష కూడా కుట్రదారుల్లో ఉంది.

అభ్యాసం: మొదటి ఎర్ల్ ఆఫ్ అరన్ జేమ్స్ హామిల్టన్. ఎలిజబెత్ హోమ్‌తో విడాకులు 1504లో, జానెట్ బీటన్‌తో పెళ్లి 1516లో. విడాకులు చెల్లవని తేలితే, 1542లో పసిపాప మేరీ రాణి తర్వాత సింహాసనానికి వరసలో ఉన్న జేమ్స్, జానెట్‌ల కొడుకు సంగతేమిటి? గట్టి పెళ్లికి నిండు గీత, అనుమానపు పెళ్లికి చుక్కల గీత గీసి, ఆ కొడుకు పేరు ఏ గీత కింద రాస్తారో కారణంతో సహా రాయండి.