పిల్లల బుగ్గల మీద తెల్లని పొడి మచ్చలు: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు వైద్యునికి చూపాలి

మూడు నాలుగేళ్ల వయసు నుంచి బడికి వెళ్లే ఈడు వరకు పిల్లల బుగ్గల మీద, నోటి చుట్టూ, ఒక్కోసారి భుజాల మీద రూపాయి బిళ్లంత లేత రంగు మచ్చలు తేలడం కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపు గ్రామాల్లోనూ తరచుగా చూసేదే. ఇంట్లో పెద్దవాళ్లు కడుపులో పురుగులున్నాయంటారు, ఇరుగుపొరుగు కాల్షియం తక్కువైందంటారు, తల్లి మాత్రం బొల్లేమోనని లోలోపల కుమిలిపోతుంది. ఈ మచ్చల్లో ఎక్కువ భాగం ‘పిటిరియాసిస్ ఆల్బా’ అనే, ఒకరి నుంచి ఒకరికి అంటని, ప్రమాదం లేని చర్మ సమస్య. ఇది స్వల్పమైన ఎగ్జిమా వంటిది. చర్మం పొడిబారి, పైకి కనిపించనంత కొద్దిగా వాచిన చోట రంగు తయారీ మందగిస్తుంది. చుట్టూ ఉన్న చర్మం ఎండకు నల్లబడేసరికి ఆ చోటు తెల్లగా బయటపడుతుంది. చామనఛాయ, నలుపు రంగు పిల్లల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం కూడా అదే.

ముందుగా మచ్చను సరిగ్గా చూడాలి. పొద్దుటి పూట బిడ్డ ముఖం కడిగి, నూనె గానీ పౌడరు గానీ రాయకుండా, అరుగు మీద వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టి చూస్తే మచ్చ మీద సన్నని పొట్టు తవుడు చల్లినట్టు కనిపిస్తుంది, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. మచ్చ అంచు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గీత గీసినట్టు ఉండదు. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. దురద ఉండదు, ఉన్నా కొద్దిగానే. మొదట్లో కాస్త ఎర్రగా ఉండి, తరువాత పొట్టు తేలి, చివరికి నున్నని లేత మచ్చగా మిగలడం దీని సహజ క్రమం.

బొల్లి అలా ఉండదు. ఆ మచ్చ పాలతెలుపుగా, స్పష్టమైన అంచుతో, పొట్టు లేకుండా నున్నగా ఉంటుంది. దాని మీది వెంట్రుకలు కూడా తెల్లబడవచ్చు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన గోదావరి డెల్టాలో శోభి, అంటే కొందరు సిబ్బెం అనే మచ్చలు, ఎదిగిన పిల్లల మెడ, ఛాతీ, వీపు మీద చిన్న చిన్నగా వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. అవి నూనెలను ఆహారంగా చేసుకునే ఒక రకం శిలీంధ్రం వల్ల వచ్చేవి కనుక, వాటికి నూనె పట్టించడం కాక శిలీంధ్ర నివారక మందు వాడాలి. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, బాగా దురద పెట్టేది తామర. పుట్టినప్పటి నుంచీ ఒకే చోట ఉండి, బిడ్డతోపాటు పెరిగే లేత మచ్చ పుట్టుమచ్చ వంటిదే. దానికి ఈ చికిత్స ఏదీ పనిచేయదు.

కుష్ఠు గురించి ఒక మాట చెప్పక తప్పదు. లేత రంగు మచ్చ మీద స్పర్శ తగ్గడం దాని ముఖ్య లక్షణం. కాస్త పెద్ద పిల్లలైతే కళ్లు మూయించి, దూది కొసతో మచ్చ మీద, పక్కన మామూలు చర్మం మీద మార్చి మార్చి తాకి, తగిలిన చోట వేలు పెట్టమని అడగవచ్చు. చేతుల మీద, కాళ్ల మీద, వీపు మీద ఉన్న మచ్చకు ఈ పరీక్ష పనికొస్తుంది. ముఖానికి నరాల సరఫరా అధికం కాబట్టి అక్కడ స్పర్శ తెలిసినంత మాత్రాన అనుమానం పూర్తిగా తీరదు. అందువల్ల మొదటి నుంచీ పొట్టు లేని మచ్చ నెలల తరబడి అలాగే ఉన్నా, దాని మీద చెమట పట్టకపోయినా, ఇంట్లో ఎవరికైనా కుష్ఠు వచ్చి ఉన్నా ఆశా కార్యకర్తకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. ఆ వ్యాధికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది.

పురుగుల మాటకొస్తే, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర బిడ్డకు తప్పక వేయించాలి. అది రక్తహీనతను తగ్గించడానికి, ఎదుగుదలకు మేలు. అయితే ఈ మచ్చలు దానితో పోవు. కాల్షియం సిరప్ సీసాలు ఎన్ని తాగించినా అంతే. చేపలు తిని పాలు తాగితే తెల్లమచ్చలు వస్తాయన్న నమ్మకంతో చేపలో, పాలో మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అందుకు ఆధారం లేదు. పెరిగే బిడ్డ నోటి దగ్గర నుంచి మంచి ఆహారం తీసేయడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. మచ్చలు కాక బిడ్డ మొత్తంగా పాలిపోయి, కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, అరచేతులు తెల్లబడి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.

చికిత్సలో అసలు పని స్నానాల గదిలో ఉంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాలు దాటకూడదు. శనగపిండి, సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దితే మచ్చ పోతుందని పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు గానీ, ఆ రాపిడికి ఉన్న కాస్త తేమా పోయి మచ్చ ఇంకా తేలుతుంది. నీళ్లలో యాంటీసెప్టిక్ ద్రవం కలపడం, స్నానం కాగానే ముఖాన పౌడరు అద్దడం కూడా మానుకోవాలి. సబ్బు ఒంటికంతా అక్కరలేదు. చంకలు, గజ్జలు, పాదాలు, మట్టి అంటిన చోట్లు చాలు, అదీ వాసన లేని మృదువైన రకం. తీర గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా, కఠినంగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు దానితోనే స్నానాలు సాగుతాయి. అటువంటి నీటిలో సబ్బు నురగ రాక ఎక్కువ రుద్దుతాం, ఆ సబ్బు చర్మం మీద నిలిచిపోయి మరింత ఎండగడుతుంది. చివర ఒక చెంబు మంచినీళ్లతో ముఖం కడిగితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

తువ్వాలుతో తుడవకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే, రెండు మూడు నిమిషాల్లోపు తేమను పట్టి ఉంచే పూత రాయాలి. వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, తెల్లని పెట్రోలియం జెల్లీ గానీ సరిపోతుంది. కోనసీమ ఇళ్లలో కొబ్బరినూనె ఎప్పుడూ ఉంటుంది, అదీ మంచిదే. గానుగలో ఆడించిన స్వచ్ఛమైన నూనె కావాలి, సుగంధాలు, కర్పూరం కలిపిన తలనూనె పనికిరాదు. నాలుగైదు చుక్కలు అరచేతిలో వేసుకుని పలుచగా రాస్తే చాలు. రోజుకు రెండుసార్లు, పొట్టు పోయాక కూడా కొన్ని నెలలపాటు మానకుండా రాయాలి. చాలామంది ఇక్కడే నిరాశపడతారు: వారం పది రోజుల్లో గరుకుదనం పోతుంది, రంగు మాత్రం రాదు. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది, మళ్లీ తేలడమూ ఉంటుంది. నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే రోజూ చూసే కంటికి తెలియని మార్పు తెలుస్తుంది.

ఎండ తగ్గిస్తే చుట్టూ ఉన్న చర్మం నల్లబడదు, మచ్చ అంతగా ఎత్తి కనిపించదు. పగలు 10 నుంచి 4 గంటల మధ్య నీడపట్టున ఆడించడం, అంచున్న టోపీ పెట్టడం, ఆరు నెలలు దాటిన బిడ్డకు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయడం మంచిది.

బొల్లికి నాటువైద్యంలో వాడే బావంచాల నూనె మాత్రం పిల్లల ముఖానికి ఎవరు చెప్పినా రాయకండి. బావంచాల్లోని పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి బొబ్బలు లేపుతుంది. నిమ్మరసంతోనూ ఇదే ప్రమాదం. అంతకన్నా ఎక్కువగా జరిగే హాని మందుల షాపులో అడిగి తెచ్చే ట్యూబులది. క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్లు, వాటికి తోడు యాంటీబయాటిక్, శిలీంధ్ర నివారకం కలిపినవి రెండు రోజుల్లో నున్నగా చేసి ఆశ పెడతాయి. వాడుతూ పోతే పసిచర్మం పలుచబడి, ఎర్రబారి, నూగు వెంట్రుకలు మొలిచి, ఆ మందే కొత్త తెల్లమచ్చలకు కారణమవుతుంది. మచ్చ ఎర్రగా, దురదగా ఉంటే వైద్యులు తేలికపాటి స్టెరాయిడ్ అయిన 1 శాతం హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజులు, పలుచగా రాయమంటారు. రెండేళ్లు దాటిన పిల్లలకు అవసరాన్ని బట్టి స్టెరాయిడ్ కాని పూతమందు టాక్రోలిమస్ 0.03 శాతం ఇస్తారు. రెండూ వారు చెప్పినన్ని రోజులే వాడాలి.

మచ్చలు త్వరగా విస్తరిస్తున్నా, పాలతెల్లగా మారుతున్నా, స్పర్శ తగ్గినా, రసి కారుతున్నా, రెండు మూడు నెలలు శ్రద్ధగా పూత రాసినా గరుకుదనం పోకపోయినా చర్మవ్యాధుల నిపుణునికి చూపించాలి. వెళ్లే రోజు ముఖానికి ఏదీ రాయకుండా తీసుకెళ్లండి. అప్పటివరకు వాడిన సబ్బు, నూనె, ట్యూబులన్నీ, ఖాళీ అయినవైనా సరే, ఒక సంచిలో వేసుకుని ఫొటోలతో సహా వైద్యుని ముందు పెట్టండి.