అలిపిరి మెట్లకు కాళ్లను ఎలా సిద్ధం చేసుకోవాలి?

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. వచ్చినవాళ్లలో సగం మంది నడిచే కొండెక్కుతామంటారు. పోయినేడు మా బావ ఎక్కడమే కాదు, బస్సు వద్దని దిగడం కూడా నడిచే దిగాడు. మర్నాడు పొద్దున మా మేడ మెట్ల మీద గోడ పట్టుకుని పీతలా పక్కవాటుగా దిగుతూ, "ఎక్కేటప్పుడు బాగానే ఉందిరా, దిగడమే చంపేసింది" అన్నాడు. అసలు సంగతి ఆ మాటలోనే ఉంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల నడక. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, మెట్లు 2,388. దేనికైనా నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి. గుండె జబ్బు, బీపీ, కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లు మొదట డాక్టరును అడగాలి.

మొదట: కండను చేత్తో పట్టి చూడండి

కుర్చీలో కూర్చుని, తొడ మీద అరచేయి ఆనించి, కాలు ముందుకు చాచండి. చేతికింద తొడ బిగుసుకుంటుంది. మెదడు పంపిన కబురు నరం చివరికి చేరగానే అక్కడ అసిటైల్‌కొలీన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాంతో కండపోగు లోపల దాచి ఉన్న కాల్షియం బయటికొస్తుంది. ఆక్టిన్ అనే సన్న పోగుల మీదున్న అడ్డును ఆ కాల్షియం తొలగిస్తుంది. అప్పుడు మయోసిన్ అనే లావు పోగులకున్న బుల్లి తలలు ఆక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, ఇంకాస్త ముందు మళ్లీ పట్టుకుంటాయి. బావిలోంచి చేద తోడేటప్పుడు చేతులు మార్చి మార్చి తాడు లాగుతామే, అలాగన్నమాట. తాడు పొట్టిదవదు, జరుగుతుందంతే. ఇక్కడా పోగులు కుంచించుకుపోవు, ఒకదాని పక్కగా ఒకటి జారతాయి. ఈ వివరణ 1954లో వచ్చింది.

పట్టు వదిలి మళ్లీ పట్టుకోవాలంటే ప్రతిసారీ ఏటీపీ కావాలి. ఒంట్లో కణాలకు శక్తినందించే రసాయనం అది. ఆ ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరుచేసి చూపినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన పని అది. మన పిల్లల పాఠాల్లో ఈ పేరు ఇంకా గట్టిగా వినపడాలని నాకు అనిపిస్తుంది.

తర్వాత: మీ వేగం ఎంతో తేల్చుకోండి

కోడి కూర వండే ఇంట్లో ఇది తెలిసిన విషయమే. లెగ్ పీసు ముదురు రంగు, రొమ్ము మాంసం తెలుపు. కోడి రోజంతా నిలబడుతుంది, నడుస్తుంది. రెక్కలు కొట్టేది ఏ కుక్కో తరిమినప్పుడే. కాబట్టి కాళ్లలో నిదానంగా బిగిసి, గంటల తరబడి అలసిపోని ఎర్ర కండపోగులు ఎక్కువ. ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ వాటికి ఆ రంగునిస్తుంది. రెక్కలాడించే రొమ్ములోవి చటుక్కున బిగిసి, తొందరగా డస్సిపోయే తెల్ల పోగులు. మనలో ఒకే కండలో రెండూ కలిసి ఉంటాయి, మధ్యరకం పోగులు కూడా ఉంటాయి. పిక్క లోపలి పొరలో మాత్రం నిదానం పోగులదే పైచేయి.

నిదానంగా నడిస్తే భారం చాలావరకు ఎర్ర పోగుల మీదే పడుతుంది. పరుగు తీస్తే తెల్ల పోగులూ దిగుతాయి, వాటి సరుకు చప్పున అయిపోతుంది. నిటారు మెట్లు ఎక్కువగా దారి మధ్యలో వచ్చే గాలిగోపురం లోపే ఉన్నాయి. పోటీపడి పరిగెత్తిన కుర్రాళ్లు అక్కడ కూలబడి సోడాలు తాగుతుంటారు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వచ్చే అవ్వ వాళ్లను దాటుకుని పోతుంది. మీకు కొలత ఏమిటంటే, రొప్పు రాకుండా "గోవిందా గోవింద" అని పూర్తిగా అనగలగాలి. మాట మధ్యలో తెగితే వేగం తగ్గించండి.

అసలు పని: దిగడం సాధన చేయండి

నిండు బిందెను తాడుతో బావిలోకి మెల్లగా దించి చూడండి. చేతులు లాగుతూనే ఉంటాయి, తాడు మాత్రం కిందికి జారుతుంది. మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండ పరిస్థితి అదే. బిగిసి ఉండగానే సాగుతుంది. ఒంటి బరువును తక్కువ పోగులే ఆపాల్సి వస్తుంది కాబట్టి ఒక్కోదాని మీద భారం ఎక్కువ, లోపల సన్నసన్నగా చిట్లుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరే నొప్పి దాని వల్లే. లాక్టిక్ ఆమ్లం పేరుకుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు, అది గంట, గంటన్నరలో సర్దుకుంటుంది.

మంచి మాట ఏమిటంటే, ఒకసారి ఈ దెబ్బ తిన్న కండ తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొచ్చదు. అందుకే మొదటి వారం కుర్చీలో మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ కూర్చుని లేవండి. రోజు విడిచి రోజు పదేసి సార్లు, రెండు విడతలు చాలు. రెండో వారం నుంచి మేడ మెట్లు. ఎక్కడం మీ ఇష్టం, దిగడం మాత్రం నిదానంగా, పాదం చప్పుడు కాకుండా. అయిదు నిమిషాలతో మొదలుపెట్టి ఇరవైకి తీసుకెళ్లండి. కొండకు ముందు అయిదు రోజులు మామూలు నడక తప్ప ఇంకేం వద్దు.

ఎక్కే రోజు

తెల్లవారుజామున ఎండ రాకముందు బయల్దేరండి. కడుపు నిండా తినొద్దు, నీళ్లు గుక్కగుక్కగా తాగండి. తలయేరు గుండు అనే బండకు మోకాళ్లు ఆనించడం ఆనవాయితీ, ఆ వంకతో రెండు నిమిషాలు ఆగినట్టూ ఉంటుంది. మోకాళ్ల మిట్ట అనే నిటారు ఎక్కుడు చివర్లో వస్తుంది కాబట్టి దానికి ఓపిక మిగుల్చుకోండి. పిక్క పట్టేస్తే నిలబడి, మడమ నేలకు ఆనించి, మోకాలు వంచకుండా ముందుకు వాలండి.

మర్నాడు నొప్పి ఉన్నా కాస్త తిరగండి, పడుకుంటే ఇంకా బిగుస్తుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చినా, తొడలు వాచినా అది మామూలు నొప్పి కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.