రోడ్డు మోత, గది మోత: ఏ సమస్యకు ఏది పరిష్కారం

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఇల్లు, కొట్టు, ట్యూషన్ సెంటర్ ఉన్నవాళ్లు శబ్దం గురించి చెప్పే బాధలు వింటే దాదాపు అన్నీ రెండు రకాలే. బయటి మోత లోపలికి రావడం ఒకటి. లోపల పుట్టిన మాటే గోడలకు తగిలి మళ్లీ మళ్లీ తిరగడం రెండోది. మొదటిదానికి బరువైన అడ్డం కావాలి, సందులు మూయాలి. రెండోదానికి మెత్తగా, గాలి చొరబడేలా ఉండే సరుకు కావాలి. మొదటి జబ్బుకు రెండోదాని మందు వేయడం వల్లే జనం డబ్బు ఎక్కువగా పోతోంది.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి శబ్దం కొలిచే మీటరు అక్కర్లేదు. గదిలో ఫ్యాన్, ఏసీ, టీవీ అన్నీ ఆపేసి కూర్చోండి. అప్పటికీ మోత ఉంటే అది బయటిది. తర్వాత ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక కూడా గది గింగురుమంటుంటే సమస్య లోపల ఉంది. రెండూ ఉండే గదులు కూడా ఉంటాయి. అలాంటప్పుడు ముందు బయటిది చూసుకోండి.

సమస్య: గోడలకు ఫోమ్ అంటించాం, మందపాటి కర్టెన్లు వేశాం. రోడ్డు మోత అలాగే ఉంది

ఫోమ్, కర్టెన్, తివాచీ గదిలో ఉన్న శబ్దాన్ని పీల్చుకుంటాయి, బయటిదాన్ని ఆపలేవు. ఫోమ్ ముక్కను నోటి దగ్గర పెట్టుకుని ఊది చూడండి. గాలి అవతలికి పోతుంది, దాంతోపాటే శబ్దమూ పోతుంది. ఆపగలిగేది బరువు. గోడ బరువు రెట్టింపయితే ఆపే శక్తి సుమారు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుందని లెక్క. రెండు వైపులా పూత పూసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాదాపు 50 డెసిబెల్స్ ఆపుతుంది. 6 మిల్లీమీటర్ల అద్దం ఆపేది 30కి కాస్త పైన. అంటే మీ గోడ బాగానే ఉంది. మోత వచ్చే దారి కిటికీ, తలుపు కింద సందు, కిటికీ మీది వెంటిలేటర్, ఏసీ పైపు కోసం కొట్టి సరిగ్గా పూడ్చని బెజ్జం.

సందు చిన్నదే కదా అనుకోవద్దు. గోడ మొత్తంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, 50 ఆపాల్సిన గోడ 20 దగ్గరే చతికిలబడుతుంది. పదికి పది అడుగుల గోడలో నూటికి ఒక వంతు అంటే ఒక్క చదరపు అడుగు. నెల్లూరులో మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట వైపు పాత ఇళ్లలో వెంటిలేటర్ ఒక్కటే అంతకంటే పెద్దగా ఉంటుంది!

అందుకని ముందు సందులు వెతకండి. రాత్రిపూట గదిలో లైటు తీసేసి, బయట నుంచి ఒకరిని కిటికీ చుట్టూ, తలుపు చుట్టూ టార్చి వేయమనండి. వెలుతురు కనిపించిన ప్రతిచోటా శబ్దం వస్తున్నట్టే. ఫ్రేముకూ గోడకూ మధ్య సిలికాన్, రెక్కల అంచుల్లో రబ్బరు బీడింగ్, తలుపు అడుగున రబ్బరు పట్టీ వేయించండి. ఈ ఖర్చు ఫోమ్ ఖర్చులో చాలా కొంచెం, ఫలితం మాత్రం ఎక్కువ. కిటికీ మార్చే ఆలోచన ఉంటే పక్కకు జరిగే స్లైడింగ్ రకం వద్దు. జరగడానికి వీలుగా అందులో సందు ఉండి తీరుతుంది. తలుపులా తెరుచుకుని గట్టిగా బిగుసుకునే రకం మేలు. ఇంకా కావాలంటే పాత కిటికీ అలాగే ఉంచి, లోపలి వైపు నాలుగంగుళాల దూరంలో మరో అద్దం కిటికీ పెట్టించుకోవచ్చు.

మే నెల ఉక్కపోతలో అన్నీ మూసేస్తే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రోడ్డు వైపు వెంటిలేటర్లకు అద్దం బిగించి, ఇంటి వెనక వైపువి తెరిచే ఉంచండి. గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజర్ ఉన్న గదుల్లో మాత్రం ఏ వెంటిలేటర్‌నూ మూయొద్దు. మోత భరించవచ్చు, గ్యాస్‌తో ఆటలొద్దు.

సమస్య: శబ్దం కొలిచే యాప్ వేస్తే నా ఫోన్‌లో 72 చూపిస్తోంది, పక్కింటాయన ఫోన్‌లో 64. ఏది నిజం?

చాలావరకు రెండూ కాదు. ఫోన్ మైకు మనిషి మాట పట్టుకోవడానికి చేసింది. పెద్ద శబ్దం వస్తే దానంతటదే తగ్గించేస్తుంది, ఒక్కో మోడల్‌లో ఒక్కోలా. అయినా ఫోన్ పనికిరాదని అనను. ఒకే ఫోన్, ఒకే యాప్, అదే చోటు, అదే వేళ అయితే కిటికీ మార్చక ముందూ మార్చాకా వచ్చే తేడా బాగానే తెలుస్తుంది. ఐఫోన్ ఉంటే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్ల సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఉన్నవాటిలో అది నమ్మదగినది.

అధికారుల ముందు పెట్టాల్సిన అంకెకు మాత్రం శబ్దం మీటర్లకు ఉన్న ఐఈసీ 61672 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లాస్ 1 లేదా క్లాస్ 2 మీటరే కావాలి. కొలిచే ముందూ తర్వాతా దాని మైకుకు క్యాలిబ్రేటర్ (ముందే తెలిసిన శబ్దం చేసే చిన్న పరికరం) తగిలించి, 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) దగ్గర 94 డెసిబెల్స్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలి. ఈ పని చేయకుండా ఇచ్చిన రిపోర్టును ఎవరైనా ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు.

మీటరు మంచిదైనా నిలబడే చోటు తప్పయితే అంకె తప్పుతుంది. గోడకు దగ్గరగా నిలబడితే గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా కలిసి 3 డెసిబెల్స్ దాకా ఎక్కువ చూపిస్తుంది. గోడకు మూడు నాలుగు మీటర్లు ఎడంగా, ఛాతీ ఎత్తులో పట్టుకోండి. ఇక మన తీరంలో మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి ఉంది. కొత్తపట్నం, మైపాడు వైపు అయితే చెప్పనక్కర్లేదు. ఆ గాలి మైకుకు తగిలి చేసే చప్పుడును కూడా మీటరు రోడ్డు మోతలో కలిపేస్తుంది. మైకు మీద స్పాంజి బంతి తొడగాలి. గాలి గంటకు 18 కిలోమీటర్లు దాటితే ఆ పూటకు కొలవడం మానేయడమే మంచిది.

సమస్య: అంకె నిలకడగా ఉండట్లేదు. 58, 85, 61... ఏది రాసుకోవాలి?

ఆ క్షణానికి కనిపించేది ఏదీ రాసుకోవద్దు. మీటరులో ఎల్ఈక్యూ అనే అమరిక ఉంటుంది. మీరు కొలిచిన సమయమంతటి శబ్ద శక్తికి అది సగటు. మామూలు సగటు ఇక్కడ పనికిరాదు. డెసిబెల్ లెక్కలో ప్రతి 10 పెరుగుదలకూ శక్తి పది రెట్లవుతుంది మరి.

నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ దగ్గర ఒక గంట కొలిచారనుకోండి. 59 నిమిషాలు 60 డెసిబెల్స్. మిగిలిన ఒక్క నిమిషం మొత్తం కలిపి బస్సుల ఎయిర్ హారన్లు, 90 డెసిబెల్స్. మామూలు సగటు వేస్తే 60.5 వస్తుంది. ఎల్ఈక్యూ 72.5. ఆ ఒక్క నిమిషమే గంటంతా ఏలింది. దీనికి మందు కూడా ఇందులోనే ఉంది: ఇలాంటి సెంటర్లో రోడ్డు వెడల్పు చేయడం కంటే హారన్లు ఆపించడమే అంకెను ఎక్కువ దించుతుంది.

సమస్య: మీటరులో పెద్దగా ఏమీ లేదు, కానీ డీజే బండి వెళ్తుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయి, గుండెల్లో దడ

మీటరు ఏ-వెయిటింగ్‌లో ఉంది. మనిషి చెవికి లోతైన శబ్దాలు తక్కువ వినిపిస్తాయి కాబట్టి ఆ అమరిక వాటిని తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే 90 ఉన్న డీజే బేస్ మీ తెర మీద 64గా కనిపిస్తుంది. అద్దాలకు, ఛాతీకి ఆ తగ్గింపు ఉండదు కదా. నిబంధనలు ఏ-వెయిటింగ్‌లోనే రాశారు కాబట్టి ఆ అంకె ఎలాగూ ఉండాలి. దాని పక్కనే, లోతైన శబ్దాలను పెద్దగా కోయని సీ-వెయిటింగ్ పెట్టి కూడా కొలవండి. సీ అంకె ఏ అంకె కంటే 15, 20 ఎక్కువ ఉంటే మోతలో ఎక్కువ భాగం బేస్ అని అర్థం. ఈ మోతను కిటికీ రబ్బర్లు కూడా పెద్దగా ఆపలేవు. 63 హెర్ట్జ్ తరంగం పొడవు ఐదు మీటర్ల పైమాట. డీజే స్పీకర్ పెట్టెల దగ్గర వాల్యూమ్ తగ్గించడం ఒక్కటే దారి.

సమస్య: సారు చెప్పేది వెనక బెంచీకి అర్థం కావట్లేదు. మైకు పెట్టాక ఇంకా గందరగోళంగా ఉంది

ఇది లోపలి రకం, నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లో ట్యూషన్ సెంటర్లన్నిటికీ ఉన్న రోగం. కింద గ్రానైట్, చుట్టూ పుట్టీ పెట్టి పెయింట్ వేసిన గోడలు, పైన కాంక్రీటు స్లాబు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చూడ్డానికి ఎంత బాగున్నా, తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులు కూడా పీల్చుకోదు. మిగతాదంతా తిరిగొస్తుంది. ఒక మాట వినిపించేలోపే ముందు మాట తాలూకు శబ్దం ఇంకా గదిలోనే తిరుగుతుంటుంది. దీన్ని ప్రతినాదం అంటారు. మైకు పెడితే మాటతోపాటు అదీ పెరుగుతుంది.

దీనికి లెక్క కట్టినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వాలెస్ సబీన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో ఎవరేం చెప్పినా అర్థం కావట్లేదని, దాన్ని సరిచేసే పని ఈయనకు అప్పగించారు. పక్కనున్న థియేటర్ సీట్ల దిండ్లు రాత్రిళ్లు మోసుకొచ్చి, ఎన్ని దిండ్లకు ప్రతినాదం ఎంత తగ్గుతోందో ఒక్కొక్కటే చూశాడు. అందులోంచి వచ్చిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో (శబ్దాన్ని పీల్చుకునే శక్తితో) భాగిస్తే ప్రతినాదం ఎన్ని సెకన్లో వస్తుంది.

మన గదికి వేద్దాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3. ఘనపరిమాణం 144 ఘనపు మీటర్లు. నేల, గోడలు, స్లాబు కలిపి 180 చదరపు మీటర్లు. సగటున నూటికి 3 వంతులు పీల్చుకుంటాయనుకుంటే శోషణ 5.4 మాత్రమే. ఖాళీ గదిలో ప్రతినాదం 4.3 సెకన్లు! 40 మంది పిల్లలు కూర్చుంటే వాళ్ల బట్టలు, ఒళ్లు కలిసి మనిషికి 0.4 చొప్పున మరో 16 చేరతాయి. అప్పుడు 1.1 సెకన్లు. అమెరికా ప్రమాణం ఈ సైజు తరగతి గదికి, పిల్లలు లేనప్పుడే, 0.6 దాటకూడదంటుంది. కనీసం పిల్లలున్నప్పుడైనా అక్కడికి రావాలంటే శోషణ 38 పైచిలుకు కావాలి, ఇంకా 17 తక్కువ. నూటికి 80 వంతులు పీల్చే సరుకు 22 చదరపు మీటర్లు, అంటే సుమారు 240 చదరపు అడుగులు వేస్తే లెక్క సరిపోతుంది. స్లాబులో సగం కంటే తక్కువే.

సరుకును పైన వేయండి, మిగిలింది వెనక గోడకు. పిల్లల చేతికి అందదు, సారు మాట ముందుగా తగిలేదీ అక్కడే. చాలామంది పీఓపీ ఫాల్స్ సీలింగ్ వేయించి పని అయిపోయిందనుకుంటారు. బెజ్జాలు లేని పీఓపీ నున్నగా ఉండి శబ్దాన్ని వెనక్కే కొడుతుంది. కొనేటప్పుడు మినరల్ ఫైబర్ టైల్స్ అడిగి, ఎన్ఆర్‌సీ ఎంతో చూడండి. 250 నుంచి 2000 హెర్ట్జ్ దాకా నాలుగు చోట్ల శోషణకు అది సగటు. 0.7 పైన ఉంటే మంచిది. షాపువాడు ఆ కాగితం చూపించలేకపోతే ఇంకో షాపుకు వెళ్లండి.

ఫంక్షన్ హాళ్లకూ ఇదే సూత్రం, కాకపోతే ఘనపరిమాణం పెద్దది కాబట్టి సరుకూ ఎక్కువ పడుతుంది.

సమస్య: కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్ అంటించాం. ఫలితం లేదు

థర్మాకోల్‌లో గాలి గదులు మూసుకుపోయి ఉంటాయి. శబ్దం లోపలికి పోయే దారే లేదు. అట్టలు మరీ పల్చన, కీచుమనే శబ్దాలను కొంచెం తగ్గిస్తాయేమో గానీ మాటకు సరిపోవు.

మన దగ్గర దొరికే వాటిలో నేను మొగ్గేది కొబ్బరి పీచుకే. దాని శోషణ మీద మలేషియాలో, మన దేశంలో పరిశోధనలు బాగానే జరిగాయి. పీచు పోగుల మధ్య గాలి కదిలి, రాపిడికి శబ్ద శక్తి వేడిగా మారుతుంది. పల్చటి పీచు పట్టా కీచు శబ్దాల దగ్గర బాగుంటుంది, లోతైన శబ్దాల దగ్గర చతికిలబడుతుంది. పట్టాకూ గోడకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ వదిలితే, అదే సరుకు ఇంకా లోతైన శబ్దాలను కూడా పట్టుకుంటుంది. గోడను ఆనుకుని గాలి కదలిక ఉండదు, దూరం జరిగేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఈ ఖాళీకి అంత విలువ. చెక్క ఫ్రేములో పట్టా బిగించి, పైన ఊదితే గాలి పోయే పల్చటి నూలు బట్ట కప్పండి. పెయింట్ మాత్రం వేయొద్దు, రంధ్రాలు పూడుకుపోతాయి. తేమకు బూజు, చెదలు ఉంటాయి కాబట్టి శుద్ధి చేసిన పీచే తీసుకోండి. పీచుకైనా ఫోమ్‌కైనా నిప్పు భయం ఉంది, మంట త్వరగా అంటుకోని రకం అడగండి. మామూలు పరుపుల ఫోమ్ పిల్లలుండే గదిలో అస్సలు వద్దు, కాలితే విషపు పొగ వస్తుంది.

సమస్య: అపార్టుమెంటులో కింద మోటారు వేస్తే మూడో అంతస్తులో గుయ్యిమంటోంది

ఇది గాలిలో రావట్లేదు, పైపు పట్టుకుని వస్తోంది. మోటారు అదురు కాంక్రీటులోకి, పైపులోకి ఎక్కి మీ బాత్‌రూం గోడ దగ్గర శబ్దంగా మారుతోంది. మోటారు కింద రబ్బరు ప్యాడ్లు, పైపు మొదట్లో ఒక రబ్బరు బెలోస్ (ముడతల గొట్టం), గోడకు పైపు పట్టించిన క్లాంపుల్లో రబ్బరు ముక్కలు పెట్టించండి. జనరేటరుకు వీటితోపాటు అకౌస్టిక్ పెట్టె (శబ్దాన్ని అణిచే మూత పెట్టె) కూడా ఉండాలి. డీజిల్ సెట్లకు పెట్టె నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని నియమం.

సమస్య: కాంపౌండు గోడ ఎత్తు పెంచాం, చెట్లు పెట్టాం

ఒక వరస చెట్లు చూపుకు అడ్డమే గానీ శబ్దానికి కాదు. గోడ పనిచేస్తుంది, అయితే మీరు కూర్చున్న చోటి నుంచి బండ్ల టైర్లు, ఇంజన్లు కనబడకపోతేనే. కనబడకుండా పోయిన దగ్గర 5 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. మేడ మీది గదికి ఆ గోడ ఉన్నా లేనట్టే.

సమస్య: పగలు వినిపించని రైలు రాత్రి పక్కనే పోతున్నట్టుంది

రైలు మారలేదు. నెల్లూరు, ఒంగోలు రెండూ ఊరి మధ్యలోంచి మెయిన్ లైను పోయే ఊళ్లే. రాత్రి చుట్టుపక్కల మోత తగ్గిపోతుంది. నేల దగ్గర గాలి చల్లబడి పైన వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం ప్రయాణిస్తుంది. పడక గది పట్టాలకు అవతలి వైపుకు మార్చుకోగలిగితే అదే చౌకైన పరిష్కారం.

సమస్య: అంకె పరిమితి లోపలే ఉంది, అయినా చిరాకు పోవట్లేదు

పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి గంట, బైకుకు పెట్టిన పగిలిన సైలెన్సర్ మీటరు మీద ఒకే అంకె చూపించవచ్చు. మనసుకు ఒకటి కావు. ఒక చోటి శబ్దాలు మనుషులకు ఎలా అనిపిస్తాయో చూసే సౌండ్‌స్కేప్ పరిశోధన అంతా ఇక్కడే మొదలైంది. 2014 నాటి ఐఎస్ఓ 12913 ప్రమాణం కూడా ఒక చోటి శబ్దాన్ని అక్కడుండే మనుషులకు ఎలా అనిపిస్తోందన్న దానితో కలిపే చూడాలంటుంది. కాబట్టి అంకెతోపాటు టైము, ఏ శబ్దం, ఎంతసేపు, నిద్ర లేచారా లేదా రాసుకోండి. రెండు వారాలు రాస్తే చిరాకు పెడుతున్నది మొత్తం మోత కాదని, ఏదో ఒకటి రెండు శబ్దాలేనని చాలాసార్లు బయటపడుతుంది. వాటి పని పట్టండి.

సమస్య: అన్నీ చేశాం, తప్పు అవతలివాళ్లది. ఎక్కడికి వెళ్లాలి?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను సైలెన్స్ జోన్‌గా ప్రకటిస్తే అక్కడ 50, 40. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళ బయట లౌడ్‌స్పీకర్ నిషేధం. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. పరిమితి కంటే 10 డెసిబెల్స్ లేదా అంతకుమించి ఎక్కువ ఉంటే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు.

అప్పటికప్పుడు ఆపాల్సిన డీజేకు 112కి ఫోన్ చేయండి. రోజూ ఉండే మిల్లు, వర్క్‌షాపు, జనరేటరు మోతకు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాసి ఇవ్వండి. కాగితంలో తేదీ, టైము, చోటు, ఎంత దూరం నుంచి కొలిచారు, ఎన్ని నిమిషాల ఎల్ఈక్యూ, ఏ మీటరు అన్నవి ఉండాలి. అదే చోట ఆ యంత్రం ఆపినప్పుడు ఎంత ఉందో కూడా రాయండి. ఆ రెండో అంకె లేకపోతే, అది రోడ్డు మోతేనని అవతలివాళ్లు తేలిగ్గా తప్పించుకుంటారు.