తుప్పు పట్టిన ఛాసిస్‌కు సొంతంగా వెల్డింగ్: ఆర్క్ వెలిగించే ముందు

బండి కింద దూరి చూస్తే ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) మీద పెచ్చులు లేచిన తుప్పు. మిషన్ కొనుక్కుని మనమే అతుకు వేసుకుంటే పోలా అనిపిస్తుంది. నేర్చుకోలేని పనేమీ కాదు. కాకపోతే కొత్తవాళ్లకు భయం ఒకచోట ఉంటే, ప్రమాదం ఇంకోచోట ఉంటుంది. అందరూ ఆర్క్ (ఇనుమును కరిగించే కరెంటు మెరుపు) వెలుగుకీ, కరెంటుకీ జడుస్తారు. బండి దగ్గర అసలు ముప్పు మనకు కనిపించని చోట ఉంటుంది: రేకు అవతలి వైపు, మూసుకుపోయిన పెట్టె లోపల, పని ముగించి చేతులు కడుక్కున్న తర్వాత.

మొదట సుత్తి పట్టుకోండి, మిషన్ కాదు. తట్టి చూస్తే మంచి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. బయట గోరంత కన్నం ఉంటే లోపల కొండంత ఉంటుంది. మెరిసే ఇనుము వచ్చేదాకా కోసేయాల్సిందే. నా మొదటి అతుకు తుప్పు మీదే వేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ కొన్నాళ్లకే చుట్టూ ఉన్న రేకు కాగితంలా చిరిగి, అతుకు ఒక్కటీ చేతికొచ్చింది. స్టీరింగ్, సస్పెన్షన్ బిగించే చోట ఇలా డొల్లగా ఉంటే మాత్రం అనుభవం ఉన్నవాళ్లకు అప్పగించండి. కొన్ని ఛాసిస్‌ల ఉక్కును వేడితో గట్టిపరిచి ఉంటారు, వెల్డింగ్ పెడితే ఆ బలం పోతుంది. బండి మాన్యువల్ చూడకుండా అలాంటి వాటిని ముట్టుకోవద్దు.

ఇక ఇంధనం. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మండేది పెట్రోల్ ఆవిరి, ఖాళీ ట్యాంకులో అది గాలితో కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకుతూ పోతుంది. ట్యాంకును విప్పి దూరంగా పెట్టండి. అతుకు వేసే చోట ఉన్న ఇంధనం పైపులు, బ్రేక్ పైపులు, వైర్లు కూడా పక్కకు తప్పించాలి. ట్యాంకుకే కన్నం పడితే దాని మీద ప్రయోగాలు చేయొద్దు. గాలి పోయే దారి లేకుండా మూసి ఉన్నది ఏదైనా, అంటే షాక్ అబ్జార్బర్, డిక్కీ మూతకు ఉండే గ్యాస్ రాడ్ లాంటివి, వేడికి పగలొచ్చు.

జిడ్డు తుడవడానికి బ్రేక్ క్లీనర్ వాడే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ వెలుగుకీ వేడికీ ఫాస్‌జీన్ పుడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో జనాన్ని చంపిన విషవాయువు అది. జింక్ పూత ఉన్న రేకునైతే ముందు గీకేయాలి. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. మెకానిక్ గుంటలో దిగి వెల్డింగ్ పెట్టొద్దు. కరుగుకు గాలి తగలకుండా కొన్ని మిషన్లు వదిలే ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ గాలి కన్నా బరువు, గుంటలో నిండి ఊపిరి ఆడకుండా చేస్తాయి.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎర్త్ క్లాంప్‌ను (కరెంటు తిరిగి మిషన్‌కు వెళ్లే వైరు కొసన ఉండే పట్టును) అతుకు పక్కనే, గీకిన ఇనుము మీద బిగించండి. ఎక్కడో దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. బండి నిలవాల్సింది స్టాండ్ల మీద, జాకీ మీద కాదు. ఛాసిస్‌లో ముక్క కోసే ముందు రెండు వైపులా ఆసరా ఇవ్వండి, లేకపోతే అది వంగిపోతుంది, తలుపులు మూసుకోవు.

కళ్ల సంగతి నాకు అనుభవమే. ఒక్క టాకానే (చుక్కంత అతుకు) కదా అని వెల్డింగ్ హెల్మెట్‌ను ముఖం మీదికి దించకుండా నాలుగుసార్లు కొట్టాను. అప్పుడు ఏమీ తెలియలేదు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. ఆర్క్ వెల్డింగ్‌కు సాధారణంగా 10 నుంచి 13 వరకు షేడ్ (గాజు ఎంత నల్లగా ఉందో చెప్పే అంకె) ఉన్న గాజు కావాలి. మందపాటి కాటన్ బట్టలే వేసుకోండి, నైలాన్, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటాయి. బండి కింద పడుకుని చేస్తే రవ్వలు నేరుగా మెడలోకి, చెవిలోకి పడతాయి, చెవులకు ప్లగ్‌లు పెట్టుకోండి. నేల తడిగా ఉన్నా, చేతి తొడుగులు చెమటకు తడిసినా పని ఆపండి. గ్రైండర్‌కు గార్డ్ తీసేసి వాడటం సరదా కాదు, పగిలిన డిస్క్ ముక్క ముఖం మీదికే వస్తుంది.

ఇంత చేసినా తలకిందుల వెల్డింగ్ ఒక్కరోజులో రాదు. అదే మందం తుక్కు ముక్కలు తెచ్చి వాటిని తలపైన బిగించి నేర్చుకోండి. తర్వాత వైస్‌లో పెట్టి సుత్తితో వంచండి. అతుకు ఊడితే కరుగు లోపలికి దిగలేదన్నమాట, పైకి ఎంత అందంగా కనిపించినా సరే. వంచినా ఊడని అతుకులు వరసగా పది పడ్డాక బండి దగ్గరికి రండి.

రవ్వలు 35 అడుగుల దాకా పోగలవు. పక్కన మంటలార్పే సిలిండర్, వీలైతే ఇంకో మనిషి ఉండాలి. రేకు అవతలి కార్పెట్, అడుగున పూసిన తారు పొర నెమ్మదిగా రాజుకుంటాయి. అందుకే మిషన్ కట్టేశాక కనీసం గంటసేపు అక్కడే ఉండి, చేత్తో తడిమి, వాసన చూసి మరీ వెళ్లండి. చల్లారాక లోపలి వైపు మైనం స్ప్రే చేయాలి, వేడికి పాత పూత కాలిపోయి ఉంటుంది కాబట్టి తుప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది. ఆ మైనం కూడా మండేదే, పక్కన ఇంకో అతుకు మిగిలి ఉంటే అది పూర్తయ్యాకే డబ్బా తీయండి.