వాక్యం చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: ‘నిమిత్తము’ దగ్గర ఆగండి

పోయిన పాఠంలో తప్పు నాదే. బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 2:8, 9 ఇచ్చి (రక్షణ కృపచేతనే, విశ్వాసముద్వారా వచ్చిందని, మనవలన గానీ మన క్రియలవలన గానీ కాదని చెప్పే వచనాలు), ఏ మాటకు ఏ ప్రత్యయం తగిలిందో గీత గీసి రాయమన్నాను. ‘కృపచేతనే’, ‘విశ్వాసముద్వారా’, ‘మీవలన’, ‘క్రియలవలన’. నాలుగే కదా, పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. తీరా జవాబులు చూస్తే చాలామంది ‘చేత’ను తీసుకెళ్ళి విశ్వాసానికి తగిలించారు. ఇంకొందరి లెక్కలో విశ్వాసం ఫీజు, కృప దానికిచ్చే రసీదు.

దీనికంతా మూలం నేనిచ్చిన కొళాయి ఉదాహరణ. నీళ్ళు కొళాయి ద్వారా వస్తాయి గానీ కొళాయి నీళ్ళు పుట్టించదు, విశ్వాసం అలాంటిదే అన్నాను. వెంటనే ఒకావిడ అడిగారు: “మరి తిప్పేది నా చెయ్యే కదండీ? నేను తిప్పకపోతే నీళ్ళెక్కడివి?” అంతే, నా కొళాయి ఊడిపోయింది. పదహారు వందల ఏళ్ళ కిందట పెలాగియస్, అగస్టీను అనే ఇద్దరు క్రైస్తవ బోధకుల మధ్య నడిచిన గొడవ సరిగ్గా ఈ చెయ్యి గురించే. మనిషి తన ఇష్టంతో మంచివైపు తిరగగలడని పెలాగియస్ వాదన. ఆ తిరగడం కూడా దేవుడు కదిలిస్తేనే అని అగస్టీను పట్టుబట్టాడు. 418లో కార్తేజ్ ఊళ్ళో కూడిన సంఘ పెద్దల సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఆరెంజ్ అనే ఊళ్ళో కూడిన సభ, నమ్మాలన్న తొలి కోరిక కూడా కృప పుట్టించేదే అని తేల్చింది.

కాబట్టి కొళాయిని కొట్టెయ్యండి. దాని బదులు ఇది రాసుకోండి: చెరువులో మునిగిపోతున్నవాణ్ణి ఎవరో జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగారు. వాడు తేరుకున్నాక “నేను జుట్టు పెంచుకోబట్టే బతికాను” అంటాడా? జుట్టు ద్వారా లాగారు, నిజమే. బతికింది మాత్రం లాగినవాడి చేత.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. “ఇది మీవలన కలిగినది కాదు” అన్నచోట ‘ఇది’ అంటే ఏది? విశ్వాసమా, కృపా? తెలుగులో అన్నిటికీ ‘ఇది’ ఒక్కటే కాబట్టి తేలదు. గ్రీకులో కృప, విశ్వాసం రెండూ స్త్రీలింగ పదాలు, ఈ ‘ఇది’ మాత్రం నపుంసకం. అందుకని రక్షణ అనే మొత్తం సంగతిని పట్టుకుని పౌలు ‘ఇది’ అన్నాడని చాలామంది పండితులు చదువుతారు. నేనూ అలాగే చదువుతాను. పదో వచనం నేను చెప్పనక్కర్లేదు. సత్క్రియలకు అక్కడ ‘వలన’ లేదు, ‘చేయుటకై’ ఉంది, చూసుకోండి.

ఇక ఈసారి వచనం అపొస్తలుల కార్యములు 2:38. పెంతెకొస్తు రోజు జనం “మేమేమి చేతుము?” అంటే పేతురు ఇచ్చిన జవాబు ఇది. మారుమనస్సు పొందండి, “పాపక్షమాపణ నిమిత్తము” ప్రతివాడూ బాప్తిస్మం పొందండి అన్నాడు. మారుమనస్సు అంటే ఏంటో, పెంతెకొస్తు అంటే ఏంటో మీకు తెలుసు. మనం ఆగాల్సింది ‘నిమిత్తము’ దగ్గర.

ఈ మాట రెండువైపులా చూస్తుంది. “కూతురి పెళ్ళి నిమిత్తం అప్పు చేశాడు” అంటే పెళ్ళి ఇంకా ముందుంది. “అనారోగ్య నిమిత్తం సెలవు పెట్టాడు” అంటే జబ్బు అప్పటికే ఒంట్లో ఉంది. జబ్బు తెచ్చుకుందామని ఎవడూ సెలవు చీటీ రాయడు. “వైద్యం నిమిత్తం వేలూరు వెళ్ళారు” అన్నది పెళ్ళి రకం. “ఎన్నికల నిమిత్తం బడికి సెలవు” ఏ రకమో మీరే చెప్పండి, నాకైతే రెండూ అనిపిస్తుంది.

ఇప్పుడు దీన్ని పేతురు మాటకు పెట్టి చూడండి. పెళ్ళి అప్పులాగా చదివితే, క్షమాపణ దొరకడానికి నీళ్ళలో దిగాలి. సెలవు చీటీలాగా చదివితే, క్షమాపణ దొరికింది కాబట్టి నీళ్ళలో దిగాలి. సంఘాలు చీలిపోయేంత తేడా ఈ ఒక్క మాటలో ఉంది.

నాకు ఒళ్ళుమండేది ఎక్కడంటే, తమ సంఘానికి నచ్చిన అర్థం ఒకటి ఏరుకుని “గ్రీకులో ఇదే ఉంది” అని దబాయించడం దగ్గర. గ్రీకు అక్షరం ఒక్కటీ చదవనివాళ్ళు కూడా అదే మాటంటారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మా నాన్నవాళ్ళు బాప్టిస్టులు. పదిహేడో ఏట కాలువలో నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డాను. తెల్ల పంచె బుడగలాగా పైకి తేలుతుంటే ఒక చేత్తో అదుముకున్నాను, రెండో చేత్తో ముక్కు మూసుకున్నాను. అయ్యగారు వీపు కింద చెయ్యి పెట్టి వెనక్కి వాల్చేశారు. లూథరన్ ఇంట్లో పుట్టిన మా అమ్మకు మాత్రం చంటిబిడ్డగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్ళు పోశారు. ఆ నీళ్ళు లెక్కలోకి రావని అమ్మతో వాదించిన ఘనుణ్ణి నేను. పదేళ్ళపాటు నా ఆయుధం సెలవు చీటీ అర్థమే. దానికి తోడు మత్తయి 12:41 చూపించేవాణ్ణి. నీనెవె వాళ్ళు యోనా ప్రకటన విని మారారు, అంటే ప్రకటన ముందు, మార్పు తర్వాత. 2:38లో మన ‘నిమిత్తము’ ఉన్నచోట గ్రీకులో ‘ఎయిస్’ అనే మాట ఉంది, ఇక్కడా అదే.

ఒకసారి గ్రీకు బాగా వచ్చిన ఒక పెద్దాయన నా వాదనంతా ఓపిగ్గా విని, మత్తయి 26:28 తియ్యమన్నారు. కడరాత్రి భోజనం దగ్గర యేసు గిన్నె చేతపట్టుకుని, తన రక్తం “పాపక్షమాపణ నిమిత్తము” చిందింపబడుతోందంటాడు. తెలుగులో అదే మాట, గ్రీకులోనూ దాదాపు అదే వరస. “క్షమాపణ అప్పటికే అయిపోయింది కాబట్టి రక్తం చిందిందా బాబూ?” అన్నారాయన. నా సెలవు చీటీ అక్కడే చిరిగిపోయింది. ‘ఎయిస్’కు గమ్యాన్ని చూపించే అర్థమే మామూలు. ‘అయిపోయింది కాబట్టి’ అన్న అర్థం దొరకడం చాలా కష్టం.

అయితే నీళ్ళే క్షమిస్తాయన్నమాట అని అప్పుడే పుస్తకం మూసెయ్యకండి. ఒక్క పేజీ తిప్పండి. 3:19లో అదే పేతురు పాపాలు “తుడిచివేయబడు నిమిత్తమును” మారుమనస్సు పొందమన్నాడు. నీళ్ళ ఊసే లేదు. 10వ అధ్యాయంలో కొర్నేలీ అనే రోమా సైన్యపు అధికారి ఇంట్లో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ దిగింది. ఆ తర్వాతే, వీళ్ళకు నీళ్ళు ఆటంకం చేసేవాడెవడని అడిగాడు. అంటే పేతురు దృష్టిలో తిరగడం, నమ్మడం, మునగడం ఒకే మూట. మూటలోంచి ఒక్కో వస్తువూ బయటికి తీసి, దేనికెంత బరువని తూచడం మన పని, ఆయనది కాదు. ఇది నా అభిప్రాయమే, ఒప్పుకోమని బలవంతం లేదు.

తూచినవాళ్ళ లెక్కలు క్లుప్తంగా: కాథలిక్కులు బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటారు, జన్మపాపాన్ని కడిగి వరప్రసాదాన్ని ఇచ్చే సంస్కారమని నమ్ముతారు. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథరు 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో, నీళ్ళు ఇంత పని ఎలా చేస్తాయని తనే అడిగి, చేసేది నీళ్ళు కావు, నీళ్ళతో ఉన్న దేవుని మాట అని జవాబిచ్చాడు. బాప్టిస్టులకు అది లోపల జరిగిపోయినదానికి బయట చెప్పే సాక్ష్యం. క్రీస్తు సంఘాలవాళ్ళు (చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే శాఖ) 2:38ని పెళ్ళి అప్పులాగానే చదువుతారు. బాప్తిస్మం లేకుండానే యేసు మాట పొందిన సిలువమీద దొంగ సంగతి అడక్కండి. చివరి ఘడియలో ఉన్న ఒక్క మనిషిని పట్టుకుని ఊరందరికీ రూలు రాయడం నాకు నచ్చదు.

‘నిమిత్తము’ ఎంత బరువైన మాటో మన నేలమీదే తెలిసింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడినా, సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. కూలి నిమిత్తం వచ్చారో, క్షమాపణ నిమిత్తం వచ్చారో తేలాలి కదా. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య చాలామందికి నోటికొచ్చు. దానికి ముందు ఆయన ఆపిన నెలల గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. అపొస్తలుల కార్యములు 2, 8, 9, 10, 16, 18, 19 అధ్యాయాల్లో బాప్తిస్మం జరిగిన ప్రతి చోటా నాలుగు గళ్ళు గీసి, వినడం, నమ్మడం, ఆత్మ, నీళ్ళు ఏ వరసలో వచ్చాయో అంకెలు వెయ్యండి. 8వ అధ్యాయంలో రెండు సంఘటనలున్నాయి, సమరయనూ ఐతియొపీయుణ్ణీ కలిపెయ్యకండి. 16లోనూ రెండు. పెన్సిల్‌తోనే రాయండి, కనీసం రెండుసార్లు చెరుపుతారు. ఫోన్ బైబిలు వద్దు, అందులో వచనం ఒంటరిగా కనిపించి మోసం చేస్తుంది. అచ్చు పుస్తకంలో అయితే పక్క పేజీ కూడా కళ్ళముందు ఉంటుంది. వచనంలో చెప్పని సంగతికి అంకె వెయ్యొద్దు. 16వ అధ్యాయంలో ఇంటివాళ్ళతో సహా బాప్తిస్మం పొందిన లూదియ ఉంది కదా, ఆమె ఇంటివాళ్ళలో చంటిపిల్లలు ఉన్నారని రాసినా, లేరని రాసినా సున్నా. గడి ఖాళీగా వదిలినవాళ్ళకే మార్కులు.