టైరు వాల్వ్ క్యాప్ పోయిందా? సరైనది ఎలా ఎంచుకోవాలి, ఎలా పెట్టాలి

ముందు మీ బండి దగ్గరికి వెళ్ళి, చక్రం పక్కన వంగి, గాలి కొట్టే వాల్వ్ మీద మూత ఉందో లేదో చూసి రండి. స్కూటర్ అయితే రెండు, కారు అయితే నాలుగు, డిక్కీలో ఉన్న స్టెప్నీతో కలిపి ఐదు. చాలా బండ్లకి వీటిలో ఒకటైనా పోయి ఉంటుంది. గాలి కొట్టించుకున్నప్పుడు తీసి ఎక్కడో పెడతారు, ఆ తొందరలో అది అక్కడే ఉండిపోతుంది. "మూత లేకపోతే ఏమవుతుందిలే, గాలి పోవట్లేదుగా" అని వదిలేస్తాం.

నిజమే, మూత తీసినంత మాత్రాన గాలి పోదు. గాలిని ఆపేది వాల్వ్ లోపల ఉండే పిన్ను. దానికి ఒక చిన్న స్ప్రింగు, కింద ఒక రబ్బరు సీలు ఉంటాయి. టైరులోని గాలే ఆ సీలుని కింద నుంచి పైకి నొక్కి పెట్టి దారి మూసేస్తుంది. గాలి కొట్టేటప్పుడు పైపు ఆ పిన్నుని లోపలికి నొక్కుతుంది, దారి తెరుచుకుంటుంది, పైపు తీయగానే మళ్ళీ మూసుకుంటుంది. అమెరికాలో ష్రేడర్ అనే ఆయన 1893లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు ఇది, అందుకే దీన్ని ష్రేడర్ వాల్వ్ అంటారు. మన స్కూటర్లు, బైకులు, కార్లు, ఆటోలు, లారీలు అన్నిటికీ ఇదే.

మరి మూత ఎందుకు? మూత లేని వాల్వ్‌ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఇత్తడి గొట్టం అంచు, మధ్యలో గుండుసూది తలంత పిన్ను, ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి ఖాళీలో ఎర్రమట్టి దట్టంగా పేరుకుని ఉంటుంది. ఆ మట్టి అక్కడ ఉన్నంతసేపు నష్టం పెద్దగా లేదు. మీరు తర్వాతిసారి గాలి కొట్టించినప్పుడే వస్తుంది చిక్కు. కంప్రెసర్ గాలి దాన్ని అంతటినీ ఒక్క ఊపున లోపలికి తోస్తుంది, అందులో ఒక ఇసుక రేణువు వెళ్ళి ఆ సీలు మీద కూర్చుంటే చాలు, ఇక అది పూర్తిగా మూసుకోదు. పంక్చర్ ఉండదు, మేకు ఉండదు, అయినా వారానికోసారి గాలి తగ్గిపోతూ ఉంటుంది. మెకానిక్ టైరులో పంక్చర్ కోసం ఎంత వెతికినా ఏమీ దొరకదు. వాల్వ్ క్యాప్ అసలు పని ఈ మట్టిని, నీళ్ళని బయటే ఆపడం. లోపల రబ్బరు వాషర్ ఉన్న మంచి క్యాప్ అయితే, పిన్ను కాస్త లీకైనా గాలిని కొంతవరకు ఆపి రెండో తాళంలా కూడా పనిచేస్తుంది.

వరి పొలంలో దమ్ము చేసే ట్రాక్టర్లకైతే ఇది ఇంకా అవసరం, ఎందుకంటే వాల్వ్ మొత్తం బురదలో మునిగి తేలుతూ ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో మట్టితో పాటు ఉప్పుగాలి కూడా తోడై ఇత్తడి గొట్టం మీద పచ్చటి చిలుము పడుతుంది.

ఏ క్యాప్ కొనాలి

సైజు గురించి టెన్షన్ అక్కర్లేదు. ష్రేడర్ వాల్వ్ బయటి మర అన్ని బండ్లకీ ఒకటే, వ్యాసం దాదాపు 7.7 మిల్లీమీటర్లు. స్కూటర్ క్యాప్ కారుకి, కారు క్యాప్ లారీకి పడుతుంది. తేడా వచ్చేది సైకిళ్ళ దగ్గరే. మామూలు పాత సైకిళ్ళకి వాల్వ్ ట్యూబ్ తొడిగే రకం ఉంటుంది, రేసింగ్ సైకిళ్ళకి సన్నగా పొడవుగా ఉండే ఇంకో రకం ఉంటుంది, వాటికి ఈ మూతలు పడవు. గేర్ల సైకిల్ అయితే వాల్వ్ చూడండి, కారుది లాగే లావుగా ఉంటే ఇవే సరిపోతాయి.

నా మాట వింటే, మామూలు నల్ల ప్లాస్టిక్ క్యాపులే కొనండి. లోపల చిన్న రబ్బరు రింగు ఉన్నవి దొరికితే ఇంకా మంచిది. చవక, తేలిక, తుప్పు పట్టవు, ఎప్పుడు తిప్పినా ఊడి వస్తాయి. స్పేర్ పార్టుల షాపులో అడిగినా, పంక్చర్ షాపులో అడిగినా ఇస్తారు.

మెరిసే లోహపు క్యాపులు అందంగా ఉంటాయి, కాదనను. కానీ రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి, మధ్యలో తడి, ఉప్పు చేరితే రసాయన చర్య మొదలవుతుంది. ఇత్తడి వాల్వ్ మీద అల్యూమినియం క్యాప్ పెట్టినా, అల్యూమినియం వాల్వ్ మీద ఇత్తడి క్యాప్ పెట్టినా కొన్ని నెలలకి రెండూ కరుచుకుపోయి ఊడిరావు. బలం పెట్టి తిప్పితే వాల్వే విరుగుతుంది. టైరు లోపల ప్రెజర్ సెన్సర్ ఉన్న కార్లలో చాలావాటికి వాల్వ్ అల్యూమినియంతో చేసిందే ఉంటుంది, సెన్సర్ దానికే బిగించి ఉంటుంది, కాబట్టి అది విరిగితే ఒక్కోసారి సెన్సర్ కూడా మార్చాల్సి వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ 2008 మోడల్ నుంచి కార్లన్నిటికీ టైరు ప్రెజర్ హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి, పైగా చలి ప్రాంతాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఒకటి రెండు చలికాలాలు గడిచేసరికి లోహపు క్యాప్ కదలకుండా పట్టేస్తుంది. అక్కడైతే ప్లాస్టిక్ తప్ప ఇంకోటి వద్దు. మూత లేకపోయినా కష్టమే, వాల్వ్ నోట్లో చేరిన నీళ్ళు గడ్డకట్టి పిన్ను సరిగ్గా మూసుకోకుండా చేస్తాయి.

లోహపు క్యాప్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. బాగా వేగంగా వెళ్ళే స్పోర్ట్స్ బైకులు. చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు పిన్ను బయటి అంచు వైపుకి, అంటే తెరుచుకునే వైపుకి లాగబడుతుంది. అక్కడ రబ్బరు వాషర్ ఉన్న గట్టి క్యాప్ ఉంటే గాలి బయటికి పోకుండా ఆపుతుంది. మీ బైకుకి కంపెనీ అలాంటిదే ఇచ్చి ఉంటే అదే రకం మళ్ళీ కొనండి.

ఆకుపచ్చ క్యాపుల గురించి చాలామంది అడుగుతారు. నైట్రోజన్ నింపిన టైరు అని గుర్తు పెట్టడానికి వాడే రంగు అది, అంతే. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, కాబట్టి అందులో మామూలు గాలి కలిపినా టైరుకి ఏమీ కాదు.

ఆన్‌లైన్‌లో ప్రెజర్ తగ్గితే రంగు మారే క్యాపులు, ఫోనుకి సమాచారం పంపే సెన్సర్ క్యాపులు కూడా దొరుకుతాయి. వీటిని కొనేముందు ఒక విషయం తెలుసుకోండి. ప్రెజర్ కొలవాలంటే అవి వాల్వ్ పిన్నుని ఎప్పుడూ నొక్కి పట్టి ఉంచాలి. అంటే పిన్ను తెరిచే ఉంటుంది, గాలిని ఆపేది ఆ క్యాప్ ఒక్కటే. దాని వాషర్ పాడైనా, క్యాప్ పగిలినా టైరులో గాలి మొత్తం పోతుంది. పేరున్న కంపెనీది, తేలికగా ఉన్నది తీసుకుంటే పర్వాలేదు, బిగించిన వెంటనే సబ్బు నీళ్ళతో తప్పకుండా చూడండి. లైట్లు వెలిగేవి, పాచికల ఆకారంలో ఉండేవి మాత్రం వద్దు. రబ్బరు వాల్వ్ చివర అనవసరపు బరువు పెడితే చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగుతూ ఉంటుంది, మొదలు దగ్గర చీలిక వస్తుంది.

పెట్టే ముందు శుభ్రం చేయాలి

కొత్త క్యాప్ తెచ్చి మట్టి మీదే బిగించేస్తే ఆ మట్టిని లోపల దాచినట్టే అవుతుంది. బండిని నీడలో నిలిపి, బైకు అయితే సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని వాల్వ్ మీకు అందేలా తిప్పుకోండి. పొడి గుడ్డతో బయటి మర తుడవండి. పాత టూత్‌బ్రష్ ఉంటే దానితో మర గాడుల్లో రుద్దండి. వాల్వ్ నోట్లో ఉన్న మట్టిని సూదితో గాని పుల్లతో గాని కెలకొద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళు కూడా పోయొద్దు. పిన్నుని గోటితోనో, చిన్న స్క్రూడ్రైవర్ మొనతోనో ఒక్క క్షణం నొక్కి వదిలేయండి, లోపలి గాలి తుస్సుమని వచ్చి ఆ దుమ్ముని బయటికే ఊదేస్తుంది. మొహం దూరంగా పెట్టండి, ఇసుక కంట్లో పడుతుంది. కాస్త గాలి తగ్గుతుంది, తర్వాత ఎలాగూ కొట్టిస్తారు. పెట్రోల్ బంకులో గాలి కొట్టించే ముందు కూడా ఇలా ఒక్కసారి నొక్కి వదిలే అలవాటు చేసుకోండి, మూత పోయిన బండికి మరీ ముఖ్యం.

ఇప్పుడు వాల్వ్ కాడని వేళ్ళతో అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి. రబ్బరు మీద, ముఖ్యంగా రిమ్ము లోకి దిగే చోట, సన్నటి పగుళ్ళు కనిపిస్తే క్యాప్ సంగతి తర్వాత, ముందు వాల్వ్ మార్పించండి. వేగంలో అది తెగితే గాలి ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్ టైరు మార్చినప్పుడల్లా వాల్వ్ కూడా మార్చమని అడగడం మంచి పద్ధతి, టైరు ఖర్చు ముందు దాని ఖర్చు లెక్కలోకి రాదు.

లీకు ఉందేమో చూడాలి

కొంచెం నీళ్ళలో సబ్బు నురుగు కలిపి ఒక చుక్క వాల్వ్ నోటి మీద వేయండి. అర నిమిషం చూడండి. బుడగ ఉబ్బకపోతే పిన్ను బాగుంది. మెల్లగా ఉబ్బుతూ పగిలి మళ్ళీ ఉబ్బుతూ ఉంటే లీకు ఉంది. పిన్ను వదులై ఉంటే బిగిస్తే సరిపోతుంది, సీలు పాడై ఉంటే కొత్త పిన్ను వేయాలి. దీనికి చిన్న పనిముట్టు దొరుకుతుంది గానీ, అలవాటు లేకపోతే పంక్చర్ షాపులోనే చేయించండి. గాలి నిండా ఉన్న టైరు నుంచి పిన్ను తిప్పి తీస్తే అది గురి పెట్టినట్టు ఎగిరి వస్తుంది, టైరు మొత్తం దిగిపోతుంది. లీకు ఉందని తెలిసి కూడా క్యాప్ గట్టిగా బిగించి సరిపెట్టుకోవద్దు. పరీక్ష అయ్యాక ఆ తడిని గుడ్డతో ఒత్తి తీసేయండి.

గాలి కొట్టి, క్యాప్ పెట్టడం

బండి ఎక్కువ దూరం తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాలి. ఎంత కొట్టాలన్నది కారుకైతే డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద, బైకుకైతే చెయిన్ కవర్ దగ్గరో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో, లేదంటే మాన్యువల్‌లో ఉంటుంది. బంకులో తీసిన మూతని మడ్‌గార్డ్ మీద, నేల మీద పెట్టనివ్వకండి. మీరే తీసి చేతిలో పట్టుకోండి. క్యాపులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

పెట్టేటప్పుడు క్యాప్‌ని వాల్వ్ మీద నిటారుగా ఆనించి, ముందు ఎడమ వైపుకి మెల్లగా తిప్పండి. మర మొదలయ్యే చోట చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడి వైపుకి తిప్పండి, నూనె రాసినట్టు తేలిగ్గా దిగాలి. మొదటి చుట్టులోనే బిగుసుకుపోతే వంకరగా ఎక్కిందని అర్థం, తీసి మళ్ళీ పెట్టండి, బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ మర పోతుంది. చివర రెండు వేళ్ళతో బిగుతుగా అనిపించగానే ఆపేయండి. కటింగ్ ప్లేయర్ ముట్టుకోవద్దు. లారీలకి, జంట చక్రాల బండ్లకి లోపలి టైరు వాల్వ్ అందక చాలామంది మూత వదిలేస్తారు, ఎక్కువ బురద పడేది కూడా అక్కడే, కాబట్టి చెయ్యి లోపలికి పెట్టి అదొక్కటీ తప్పకుండా బిగించండి.

పాత లోహపు క్యాప్ ఊడకపోతే

డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే ఒక చుక్క అంచు దగ్గర పడేలా కొట్టి కాసేపు వదిలేయండి, అవసరమైతే రాత్రంతా ఉంచండి. టైరు రబ్బరు మీద పడింది తుడిచేయండి. తర్వాత ఒక చేత్తో వాల్వ్ కాడని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ చుట్టిన ప్లేయర్‌తో క్యాప్‌ని మెల్లగా ఎడమకి తిప్పండి. కాడ కూడా దానితో పాటు తిరుగుతోంటే అక్కడే ఆపేయండి, రబ్బరు చీలిపోతుంది. వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి ఇంకోసారి చూడొచ్చు. లైటర్ గాని కొవ్వొత్తి గాని టైరు దగ్గరికి తీసుకెళ్ళొద్దు. అప్పటికీ రాకపోతే టైర్ల షాపుకి తీసుకెళ్ళండి. సెన్సర్ ఉన్న కారైతే ఆ విషయం ముందే చెప్పండి, ఎందుకంటే అప్పుడు వాళ్ళు క్యాప్‌ని నిలువుగా కోసి తీసే ప్రయత్నం చేస్తారు, వాల్వ్‌ని లాగరు.

క్యాపులు కొన్నప్పుడు రెండు మూడు ఎక్కువ కొని డ్యాష్‌బోర్డులోనో, సీటు కింద టూల్ కిట్ సంచిలోనో పడేసి ఉంచండి. స్టెప్నీకి ఒకటి పెట్టడం మరవకండి. అది ఏడాది పొడవునా డిక్కీలో పడి ఉంటుంది, మట్టి పట్టదు అనుకుంటాం, కానీ కింద వేలాడదీసే రకం స్టెప్నీ ఉన్న బండ్లలో రోడ్డు మీది బురదంతా దాని మీదికే చిమ్ముతుంది.