ధ్రువపు చలికాలంలో లైడార్ పనికి వెళ్లే ముందు జాగ్రత్తలు

వరంగల్ చుట్టుపక్కల తొలకరికి పత్తి గింజలు పెట్టే జూన్ నుంచి సెప్టెంబరు దాకా అంటార్కిటికాలో చలికాలం. ఆ నెలల్లోనే 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల కంటే దిగువకు పడి, ఓజోన్ నాశనానికి దారితీసే స్ట్రాటోస్ఫియర్ (ఓజోన్ పొర ఉండే పై వాతావరణ పొర) మేఘాలు ఏర్పడతాయి. వాటి మీదికి లేజర్ కాంతిని పంపి, తిరిగొచ్చే కాంతితో వాటిని కొలిచే లైడార్ అనే పరికరం మీద పని చేయబోయే మన విద్యార్థులు ఈ జాగ్రత్తలను ఇక్కడ ఉండగానే అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే అక్కడ కంటికి దెబ్బ తగిలితే పెద్దాసుపత్రికి చేర్చడానికి వాతావరణం అనుకూలించకపోవచ్చు.

అన్నిటికంటే ముందు కన్ను. లైడార్‌లో వాడే ఎన్‌డీ-యాగ్ (ఒక రకం స్ఫటికంతో పనిచేసే) లేజర్‌లో అందరికీ భయం పుట్టించేది 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, కానీ దానితోపాటే వెలువడే 1064 నానోమీటర్ల పరారుణ కాంతి కంటికి కనబడకుండానే రెటీనాను కాల్చగలదు. రెప్ప కాపాడుతుందనుకోవడం భ్రమ: రెప్ప మూయడానికి సెకనులో నాలుగో వంతు పడితే, లేజర్ స్పందన (పల్స్, అంటే ఒక్కో కాంతి మెరుపు) సెకనులో వంద కోట్లవ వంతులు కొన్నింటిలోనే ముగుస్తుంది. అందువల్ల ఆ రెండు తరంగదైర్ఘ్యాలూ, వాటికి తగిన రక్షణ స్థాయీ అంచు మీద ముద్రించి ఉన్న కళ్లద్దాలే వాడాలి. వెల్డింగ్ అద్దాలు, చలువ అద్దాలు పనికిరావు. బయటి చలిలోంచి లోపలికి రాగానే అద్దాలకు ఆవిరి పట్టి తీసేయాలనిపిస్తుంది, అప్పుడు ముందు లేజర్ ఆపాలి, తరువాతే తుడుచుకోవాలి. ఉంగరాలు, గడియారాలు, గాజులు బల్ల దగ్గరికి రాకముందే తీసేయాలి, వాటి మెరుపే కాంతిని కంటి మీదికి మళ్లించవచ్చు.

లేజర్ ఆపిన తరువాత కూడా విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లలో హైవోల్టేజీ నిలిచి ఉండవచ్చు కనుక, మూత ఒంటరిగా తెరవకూడదు. శీతలీకరణ నీటి విషయంలో రెండు చోట్లా చిక్కులు వేరు. ధ్రువంలో కరెంటు పోతే గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగులుతాయి. వానాకాలపు వరంగల్‌లో నీటిని మరీ చల్లగా పెడితే లేజర్ తల మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ మీదే స్పందన తగిలితే కటకం పూత దెబ్బతింటుంది. ఇక్కడ సాధన చేసేటప్పుడు విమానయాన అధికారుల అనుమతి లేకుండా కిరణాన్ని ఆకాశంలోకి వదలకూడదు.

కొలతల విషయంలో ఒక్క మాట. మేఘంలోని గుండ్రని బిందువులు కాంతి ధ్రువణాన్ని (కాంతి తరంగం కంపించే దిశను) దాదాపు మార్చవు, స్ఫటికాలు మారుస్తాయి; మేఘం ఏ రకమో ఈ తేడాతోనే తేలుతుంది కనుక, ధ్రువణ కొలతను సరిచూడకుండా సీజన్ మొదలుపెట్టవద్దు. కిటికీ గాజు మీద మంచు పేరుకున్నా సంకేతం బలహీనపడుతుంది, కాబట్టి గాజు తుడిచిన సమయాన్నీ తిరిగొచ్చే కాంతిని పట్టే డిటెక్టర్ వోల్టేజీనీ ఆ రోజు ఫైలులోనే రాసి ఉంచాలి.